కుట్టు మీద చెట్టు

శ్రీకాకుళం వెళ్ళేవాడు రైల్లో శ్రీకాకుళంలో దిగలేడు. ఆమదాలవలసలో దిగాలి. స్టేషను బోర్డు మీద మాత్రం 'శ్రీకాకుళం రోడ్డు' అని ఉంటుంది. తీరా దిగి చూస్తే ఊరూ లేదు, నాగావళీ లేదు. ధాన్యం బస్తాలూ, జట్కాలూ, బస్సు కోసం తోసుకుంటున్న జనమూ. 1968 మాఘమాసంలో ఓ ఉదయం రైలు దిగిన అప్పలసూరి ఆ బోర్డు చూసి నవ్వుకున్నాడు. ఊరు లేనిచోట ఊరి పేరు రాసి జనాన్ని నమ్మించడం! పదిహేడేళ్ళపాటు మద్రాసులో తాను చేసిందీ అదే పని.

స్టూడియోలో కిటికీ కడతారు. కిటికీ అవతల ఏదో ఒకటి ఉండాలి కదా. కొండో, కోటబురుజో, వెన్నెట్లో నదో. అవన్నీ గుడ్డ మీద రంగులే. ముప్ఫై అడుగుల పరదా నేలమీద పరిచి, పొడిరంగుల్లో జిగురు కలిపి, చీపురంత కుంచెతో, చెప్పులు విప్పి దాని మీదే తిరుగుతూ వెయ్యాలి. ఆ వృత్తిలో ఒక చిత్రం ఉంది. పాట రాసినవాణ్ణి మెచ్చుకుంటారు, పాడినవాళ్ళని మెచ్చుకుంటారు. పరదా వేసినవాణ్ణి ఎవరూ తలుచుకోకపోతేనే అతను పని బాగా చేసినట్టు. హాల్లో కూర్చున్నవాడు హీరోయిన్ని చూడాలి. ఆమె వెనక కొండని చూశాడంటే, ఆ కొండ ఎక్కడో చెడిందన్నమాట. పక్షులొచ్చి పొడుచుకునేలా గోడ మీద ద్రాక్షపళ్ళు వేశాడట ఎక్కడో దేశంలో ఒకడు. గొప్పే. కాని సినిమా పరదా దగ్గరికి పక్షి కూడా రాకూడదు.

అప్పలసూరిది శృంగవరపుకోట దగ్గర ఒక పల్లె. వరీ చోడీ పండించుకునే కుటుంబం. ఆ పల్లె నుంచి మద్రాసుకి దారి వేసింది రైలు కాదు, ఒక కొంగ.

ఇరవై రెండో ఏట శ్రీకాకుళంలో ప్లీడరు గణపతిరావు గారి దగ్గర గుమస్తాగా చేరాడు. చేతిరాత ముత్యాలు కూర్చినట్టుండేది. అందుకే చేర్చుకున్నారు. వాదపత్రాలు తిరగరాయడం, కట్టలు కట్టడం, కోర్టులో పేరు పిలవగానే కక్షిదారుణ్ణి టీ దుకాణం నుంచి లాక్కురావడం, ఇదీ పని. రాస్తూ రాస్తూ మిగిలిన కాగితం మీద బొమ్మలు వేసేవాడు. ఒకరోజు ఎదురుపక్షం ప్లీడరు గారిని కళ్ళజోడు పెట్టుకున్న కొంగలా వేశాడు. మెడా ముక్కూ భలే కుదిరాయి. ఆ కాగితం ఎలా వెళ్ళిందో కట్టలోకి వెళ్ళింది, కట్ట కోర్టుకి వెళ్ళింది. మునసబు గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "గణపతిరావు గారూ, ఇది మీ ఎన్నో నంబరు డాక్యుమెంటు?" అని అడిగారు.

ఆ సాయంత్రం ఉద్యోగం పోయిందనే అనుకుని, తన గొడుగు తాను తీసుకుని గుమ్మం పక్కన నిలబడ్డాడు అప్పలసూరి. గణపతిరావు గారు చుట్ట ముట్టించారు.

"ఒరే సూరీ, నువ్వు రాసిన వాదపత్రం చదివితే నాకు నిద్రొస్తుంది. ఈ కొంగని చూసినప్పట్నుంచీ నవ్వాగడం లేదు. మూడేళ్ళయి నీచేత తప్పు పని చేయిస్తున్నాన్రా" అన్నారు.

మద్రాసులో సినిమా కంపెనీలో పనిచేసే తన చిన్ననాటి స్నేహితుడికి ఉత్తరం రాసిచ్చి, టిక్కెట్టు కొని రైలెక్కించారు. గుమస్తాలు దొరకడం అప్పుడూ కష్టమే. తన చెయ్యి తాను విరుచుకుని మరొకడికి కర్రగా ఇవ్వడం ఎంతమంది చేస్తారు? మద్రాసులో ఉన్నన్నాళ్ళూ అప్పలసూరి ఏ పరదాకి మొదటి గీత గీసినా, గీసేముందు ఉత్తరానికి తిరిగి ఒకసారి తల వంచేవాడు. తోటి పెయింటర్లు హిమాలయాలకనుకునేవారు. ఆ దణ్ణం శ్రీకాకుళానికి.

మరి ఎందుకు తిరిగొచ్చాడంటే, రంగు సినిమాలు రావడం వల్ల. నలుపు తెలుపు సినిమాకి రంగులు వేసే పెయింటరు బూడిదరంగులో ఆలోచిస్తాడు. ఆకుపచ్చా ఎరుపూ కెమెరాకి దాదాపు ఒకటే. ఏది ఎంత నలుపుగా పడుతుందో లెక్క కట్టుకుని, మామూలు కంటికి పిచ్చివాడు వేసినట్టుండే ఆకాశం వేస్తాడు. రంగు ఫిల్ము వచ్చాక ఆ లెక్క చెల్లలేదు. పైగా కంపెనీలవాళ్ళు నిజం కొండల దగ్గరికే వెళ్ళడం మొదలెట్టారు. నిజం కొండ ముందు గుడ్డ కొండ ఎంతసేపు నిలబడుతుంది? అప్పలసూరికి ఏడుపు రాలేదు. పదిహేడేళ్ళు కడుపు నిండా అన్నం, చేతి నిండా పని దొరికాయి. చాలనుకుని, కుంచెలు ట్రంకుపెట్టెలో పెట్టుకుని వచ్చేశాడు.

రాగానే వెళ్ళింది గణపతిరావు గారింటికే. ఆయన భార్య తాయారు గారు కాఫీ గ్లాసు అందిస్తూ, "సినిమాల్లో ఉండొచ్చినవాడు తెల్లగా వస్తాడనుకున్నాను. ఇంత నల్లబడ్డావేటిరా?" అన్నారు.

"నలుపు తెలుపు సినిమాలమ్మా. తెలుపంతా హీరోయిన్లకి పోయింది. మిగిలింది నాకిచ్చేరు."

ప్లీడరు గారు నవ్వారు గాని, మనసు అక్కడ లేదు. వరండా మెట్ల మీద ఒక ముసలామె కూర్చుని ఉంది. తవిటమ్మ. కళింగపట్నం వైపు సముద్రపొడ్డున ఆమెకో కొబ్బరితోట ఉంది. మొగుడు గంగరాజు చేపల వేటకెళ్ళని రోజుల్లో మొక్కలు నాటి, కావిళ్ళతో మంచినీళ్ళు మోసి పెంచాడు. అతను పోయి ఆరేళ్ళయింది. పిల్లలు లేరు. ఆ తోటే ఆమెకు తిండి. ఇప్పుడు ఆమదాలవలస దగ్గర రైతు చినబాబు, ఆ తోట తన తండ్రి జగన్నాధం ఎప్పుడో నలభై ఆరులో కొన్నదనీ, అప్పట్లో తమ స్వాధీనంలోనే ఉండేదనీ దావా వేశాడు. అతని చేతిలో ఉన్న అమ్మకం కాగితంలో 'తూర్పు సముద్రం, పడమర బాట' అని తప్ప హద్దులు లేవు. ఆ ఒడ్డున ఏ తోటకైనా అవే హద్దులు. అందుచేత నలభై ఆరులో తోటలో ఎవరున్నారన్నదే కేసంతా. తవిటమ్మ పక్షాన చెప్పగల ముసలివాళ్ళు చాలామంది పోయారు. చినబాబు దగ్గర మాత్రం ఒక ఫోటో ఉంది.

"అదే నన్ను చంపుతోంది" అంటూ గణపతిరావు గారు నకలు తీసి చూపించారు. "తండ్రి తోటలో దర్జాగా కూర్చుని తీయించుకున్న ఫోటో. వెనక తారీకు కూడా ఉంది. విజయనగరం నుంచి ఫోటోగ్రాఫరు బండి కట్టించుకు వచ్చి తీశాడని వాళ్ళమ్మ చెప్పేదట. ఆ ఫోటోగ్రాఫరు పోయాడు, దుకాణమూ పోయింది."

అప్పలసూరి ఫోటో వెలుతురుకి పట్టుకున్నాడు. కుర్చీలో తలపాగా పెట్టుకున్న మనిషి. కాళ్ళ కింద ఇసుక. వెనక పెద్ద కొబ్బరిచెట్లు మూడు, వాటి వెనక చిన్నవి మూడు, ఆపైన సముద్రం. అప్పలసూరి ఆ మూడు పెద్దచెట్ల మీదా వేలు పెట్టాడు.

"బాబూ, ఇది తోట కాదు. నా పరదా."

"ఏటీ?"

"నానేసిన పరదా బాబూ! స్కూలు ఫైనలు తప్పి విజీనారంలో మా మేనమామ ఇంట్లో ఉండేవోణ్ణి. ఘంటస్తంభం దగ్గర ఫోటోలాయన ఏయించుకున్నాడు. నా మొదటి పరదా. ఆ ఇసక నిజమైందే. సముద్రం ఇసక కాదు, సంపావతి ఏటిది. నానే తట్టతో మోసేను. సూడండి, కుట్టు మీద సెట్టు!"

పరదా ఒకే గుడ్డ కాదు. నాలుగు పన్నాలు నిలువుగా కలిపి కుడతారు. ఎంత బాగా కుట్టినా కుట్టు దగ్గర రంగు చిట్లి గీత కనబడుతుంది. అందుకని ప్రతి కుట్టు మీదా నిలువుగా ఉండేదేదో ఒకటి వేస్తారు. రాజుగారి మేడైతే స్తంభం, అడవైతే చెట్టు. నాటకాల పరదాలు వేసేవాళ్ళ దగ్గర ఆ కుర్రతనంలో అతను నేర్చుకున్న మొదటి పాఠం అదే. నాలుగు పన్నాలకి మూడు కుట్లు, మూడు కొబ్బరిచెట్లు.

తవిటమ్మకు అర్థమైంది కొద్దే. "అంటే ఏటి బాబూ, ఆ సెట్లు సెట్లు కావా? మరి కాయలు ఎవుడు దింపుకున్నాడు?" అంది.

గణపతిరావు గారికి ప్రాణం లేచొచ్చింది గాని, వెంటనే ప్లీడరు బుర్ర అడ్డం తిరిగింది. "నువ్వు నా పాత గుమస్తావి. 'అది నా పరదా' అని నువ్వంటే, 'అన్నం పెట్టినవాడి కోసం అంటున్నాడు' అంటారు. నోటిమాట చాలదురా. ఆ ఫోటోలోనే ఉండాలి రుజువు."

అప్పలసూరి మళ్ళీ చూశాడు. ఈసారి కుర్రవాడి కళ్ళతో కాదు, పదిహేడేళ్ళు పరదాలు వేసినవాడి కళ్ళతో. చూడగానే సిగ్గుతో ముఖం ముడుచుకుపోయింది. రుజువుంది. ఆ పరదాలో ఘోరమైన తప్పుంది.

తప్పేమిటో చెప్పి, "ఊర్లో అందరూ మద్రాసు పెయింటరొచ్చేడంటన్నారు బాబూ. నాటకాల సంఘంవోళ్ళు బస్సు దిగ్గానే పట్టుకున్నారు. కోర్టులో నిలబడి నాకు పని రాదని సెప్పమంటారా?" అన్నాడు.

"అప్పట్లో రాదని చెప్పరా. నీ తప్పు మీదే నిలబడి ఉంది ఆవిడ తోట."

మెట్ల మీద తవిటమ్మ తనకేసే చూస్తోంది. అప్పలసూరి సరేనని తలూపాడు.

ఫాల్గుణంలో సాక్ష్యం పడింది. హాలు నిండిపోయింది. సినిమా మనిషి సాక్ష్యమంటే చూడ్డానికి కోర్టు పనిలేనివాళ్ళు కూడా వచ్చారు. అప్పలసూరి పరదా సంగతీ, కుట్ల సంగతీ చెప్పాడు. వాది ప్లీడరు క్రాసుకి లేచాడు.

"మీరు గణపతిరావు గారి ఉప్పు తిన్నారా?"

"ఉప్పే కాదండి, అన్నం కూడా తిన్నాను. బొమ్మలేసే బతుకు ఆయన పెట్టిందే."

"అంటే ఆయన కోసం ఏమైనా చెబుతారు."

"ఏవైనా సెప్పేవోణ్ణయితే ఇప్పుడు సెప్పబోయేది సెప్పనండి. నాకే పరువు తక్కువ."

హాల్లో నవ్వులు. మునసబు గారు బల్ల కొట్టారు.

ప్లీడరు వదల్లేదు. "చెట్లు సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి గుడ్డ కుట్ల మీద వేసినవంటారు. తాడు పట్టి నాటితే కొబ్బరిమొక్కలు సమాన దూరంలో ఉండవా? ఏ రైతునైనా అడగండి."

అప్పలసూరి ఫోటో కోసం చెయ్యి చాచాడు. "ఉంటాయండి. ముందు వరస మాట ఒదిలేద్దాం. ఎనక వరస సూడండి. సెట్లు దూరంగా ఉన్నాయని సిన్నవిగా ఏసేను. మరి దూరంగా ఉన్నప్పుడు సెట్టుకీ సెట్టుకీ మద్దె సందు కూడా సిన్నదవ్వాల గదండి? రైలుపట్టా మీద నిలబడి సూస్తే దూరంగా రెండు పట్టాలూ దగ్గరికి జరుగుతాయి. ఇక్కడ సెట్టు సిన్నదయింది గాని సందు సిన్నదవ్వలేదు. దేవుడు నాటిన తోటలోనైనా, మనిషి నాటిన తోటలోనైనా అలా ఉండదు. దూరం అంటే ఏటో తెలీని పందొమ్మిదేళ్ళోడు ఏసిన తోటలోనే ఉంటాది. మద్రాసులో మా పెద్దమేస్త్రి ఆర్నెల్లు నాసేత కుంచెలు కడిగించి నేర్పేడండి ఈ ముక్క. అప్పటికి నాకు రాదు."

మునసబు గారు స్కేలు తెప్పించుకున్నారు. ముందు వరస కొలిచారు. వెనక వరస కొలిచారు. మళ్ళీ కొలిచారు. వాది ప్లీడర్ని పిలిచి కొలవమన్నారు. ఆయన కొలిచి, స్కేలు బల్ల మీద మెల్లిగా పెట్టారు.

"సాక్షికి అప్పట్లో పని రాదని కోర్టు నమ్ముతున్నది" అన్నారు మునసబు గారు. హాలంతా ఘొల్లుమంది. అప్పలసూరి కూడా నవ్వాడు. మద్రాసులో పదిహేడేళ్ళ పనికి రాని పేరు, రాని పనికి వచ్చింది.

బయట చెట్టుకింద తవిటమ్మ అతని చేతులు పట్టుకుని కళ్ళకద్దుకుంది. "నా తోట వొచ్చి సూస్తే ఆ జడ్జీబాబుకి కొలిసే పనే లేకపోను. మా యింటాయన తాగి నాటేడు బాబూ. ఒక సెట్టు తూరుపుకి, ఒకటి పడమరకి. నాను ఎన్ని తిట్లు తిట్టేనో. ఆ వొంకరలే నన్ను కాసేవి, తెలీనేదు."

వేసవి సెలవులకి ముందే తీర్పు వచ్చింది. దావా కొట్టేశారు. కాని తవిటమ్మకి నిద్ర పట్టలేదు. పై కోర్టులో అప్పీలు వేస్తామని వాది ప్లీడరు అక్కడే అన్నాడు. పెయింటరు కబుర్లు పైకోర్టులో నిలవవన్నాడు. "పై కోరటంటే మళ్ళీ ఎన్నేళ్ళు బాబూ? అన్నాళ్ళు నానుంటానా?" అని గణపతిరావు గారిని అడిగింది.

తీర్పయిన పదోరోజు చినబాబు అప్పలసూరి దగ్గరికొచ్చాడు. అప్పుడతను నాటకాల సంఘం పాకలో పరదా పరిచి, దాని మీద గొంతుక్కూర్చుని రంగు వేస్తున్నాడు. పని రానివాడని కోర్టు తేల్చాక కూడా సంఘంవాళ్ళు అతనికే ఇచ్చారు. తన తప్పు తనకి తెలిసినవాడు ఈ ఊళ్ళో ఇంకొకడు లేడన్నారట. చినబాబు పరదా అంచున నిలబడ్డాడు. చేతిలో కండువా నలుపుతున్నాడు. దెబ్బలాటకొచ్చిన మనిషిలా లేడు.

"ఆ సెట్లు నువ్వేసినవే. సముద్రమూ నువ్వేసిందే. మరి కుర్చీలో ఉన్న మా నాయనైనా నిజవేనా?" అన్నాడు.

అప్పలసూరి కుంచె నీళ్ళలో పెట్టాడు. కోర్టులో అతను చెప్పని మాట ఒకటుంది. అడిగినదానికే జవాబు చెప్పడం గుమస్తాగా నేర్చుకున్నాడు. అదీ గాక, పోయిన మనిషిని అంతమంది మధ్య నవ్వులపాలు చెయ్యడానికి మనసొప్పలేదు. ఆ మాట ఈ కొడుక్కి దక్కాలనిపించింది.

"నిజం. ఆ పరదా ముందు కూకున్న మొదటి మనిసి మీ నాయనే. ఆ రోజే ఎవుడి దగ్గరో తోట బేరవాడి కాగితం రాయించుకున్నాడట. సంతోసంగా వొచ్చేడు. 'తోట కొన్నాను, ఇంకా సూడనేదు, తోటలాంటి బొమ్మ ముందు తియ్యండి' అన్నాడు. నాను పరదా దింపేను. మీ నాయన దాని ముందు నిలబడిపోయేడు. 'సముద్రం ఇలాగుంటాదేటిరా?' అని నన్నడిగేడు. ఉంటాదన్నాను. కుర్చీలో కూకోమంటే, పంచె మోకాళ్ళదాకా ఎత్తుకుని, కాళ్ళు పైకెట్టుకున్నాడు. తడిసిపోతాదని!"

చినబాబు నవ్వబోయి ఆగిపోయాడు.

"నవ్వకు తమ్ముడూ. అంతంత రాజులకే తప్పనేదు ఆ పొరపాటు. ఫోటోలాయన నచ్చజెప్పి కాళ్ళు దింపించేడు. నాకు మాత్రం ఒళ్ళు జలదరించింది. దూరం రాదు, సందులు రావు, కుట్లు దాయడం తప్ప ఏదీ రాదు. అయినా ఒక మనిసి నా నీళ్ళకి కాళ్ళెత్తుకున్నాడు. ఇదే నా పని అని నాకు తెలిసింది ఆ రోజే. గణపతిరావు బాబు నాకు దారి సూపించేడు. దారుందని సూపించింది మీ నాయన. ఆ దణ్ణం ఎవుడికి పెట్టాలో ఇన్నాళ్ళూ తెలీక ఉండిపోయేను."

చినబాబు పరదా మీద ఆరుతున్న రంగుకేసి చూశాడు. "అంటే అప్పటికి మా నాయన ఆ తోట సూడనేదు" అన్నాడు నెమ్మదిగా. "సూడని తోట అంటగట్టి మోసం సేసీసి పోనాడెవుడో. అవమానం దిగమింగుకుని మా నాయన మా యమ్మకి కూడా సెప్పనేదు. మా యమ్మ ఆ ఫోటో సూపించి, 'అదిగో మన తోట' అనేది. నానూ ఆ ఫోటో సూసే దావా ఏసేను. తోట మొకం సూడనేదు." కండువా భుజాన వేసుకున్నాడు. "అప్పీలు నేదు. ఆ ముసలమ్మకి నువ్వు సెప్పు."

"నీ నోటితోనే సెప్పు. నానూ వొస్తాను. నాను ఆ సముద్రం ఏసేనాటికి, సముద్రం నానూ సూడనేదు."

చినబాబు ఈసారి నిజంగానే నవ్వాడు.

మర్నాడు ఇద్దరూ కళింగపట్నం బస్సెక్కారు. బస్సు దిగి, ఇసుకలో ఒక మైలు నడిచారు. తవిటమ్మ చెప్పింది అబద్ధం కాదు. తోటలో ఏ రెండు చెట్లూ ఒక మాట మీద లేవు. ఒకటి సముద్రంకేసి వంగింది, ఒకటి బాటకేసి. అప్పలసూరి అలవాటు కొద్దీ సందులు కొలవబోయి, చేతనవక మానుకున్నాడు. ఇలాంటి తోట గుడ్డ మీద వేస్తే ఏ మేస్త్రీ ఒప్పుకోడు.

చినబాబు చెప్పాల్సిన నాలుగు మాటలూ చెప్పాడు. తవిటమ్మ వింది. ఏడుస్తుందనుకున్నారు. ఏడవలేదు. కత్తి తెచ్చి రెండు బొండాలు చెక్కి ఇద్దరి చేతుల్లో పెట్టింది. "నీ నాయన్ని మోసం సేసినోడు బాగుపడడు బాబూ. తాగు. నీరు తియ్యగుంటాది" అంది.

చినబాబు బొండం పట్టుకుని, నాలుగడుగులు వేసి, కాస్త నీడ చూసుకుని ఒక వంకరచెట్టు మొదట్లో కూర్చోబోయాడు.

"ఓలమ్మో, అక్కడ కూకోకు బాబూ!" అని కేకేసింది తవిటమ్మ. "అది బొమ్మసెట్టు కాదు. కాయ రాల్తాది."